ఇంగ్లండ్‌లో అద్దె ఇళ్లు, చలి, ఇంధన ఖర్చు: స్థానిక కౌన్సిళ్లు ఏం చేయగలవు? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలూ జవాబులూ ఎవరి కోసం?

ఇంగ్లండ్‌లో ప్రైవేటు యజమానుల దగ్గర అద్దెకు ఉంటున్న తెలుగు కుటుంబాలు, విద్యార్థులు, ఒకటి రెండు ఇళ్లు కొని అద్దెకు ఇస్తున్న తెలుగువారు, తమ వార్డు కౌన్సిలర్‌ను ఏం అడగాలో తెలుసుకోవాలనుకునేవారు – వీరందరినీ దృష్టిలో పెట్టుకుని ఇది రాశాము. ఇంధన సామర్థ్యపు కనీస ప్రమాణం ఇంగ్లండ్, వేల్స్ రెండింటికీ ఒకటే అయినా, అద్దె చట్టాలు వేల్స్‌లో వేరు. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో దాదాపు అన్నీ వేరు. కింద చెప్పినవన్నీ ఇంగ్లండ్‌కు వర్తించేవిగా చదువుకోవాలి.

సొంత ఇళ్ల కంటే అద్దె ఇళ్లే ఎందుకు ఎక్కువ చల్లగా ఉంటాయి?

మొదటి కారణం ఇళ్ల వయసు. 1919కి ముందు కట్టిన వరుస ఇళ్లు చాలా ఇప్పుడు అద్దెకు నడుస్తున్నాయి. వీటి గోడలు మధ్యలో ఖాళీ లేని గట్టి ఇటుక గోడలు. తరువాతి కాలపు ఇళ్లలో రెండు ఇటుక వరుసల నడుమ ఖాళీ ఉంటుంది కాబట్టి అందులో ఇన్సులేషన్ (వేడిని బయటికి పోనివ్వని పదార్థం) నింపడం సులువు, చవక. గట్టి గోడకు బయట నుంచో లోపల నుంచో పొర వేయాలి. దానికి వేల పౌండ్లు అవుతాయి.

రెండో కారణం డబ్బు ఎవరు పెడతారు, లాభం ఎవరికి అన్నది. ఇన్సులేషన్‌కు ఖర్చు పెట్టేది యజమాని, తగ్గేది అద్దెదారు బిల్లు. అద్దెదారు ఏడాదో రెండేళ్లో ఉండి వెళ్లిపోతాడు కాబట్టి తన చేతి డబ్బు పరాయి ఇంటి మీద పెట్టడు. ఈ చిక్కుముడి మార్కెట్‌లో తనంత తాను విడిపోలేదు, అందుకే చట్టం అవసరమైంది. ఆ చట్టాన్ని అమలు చేసే బాధ్యత స్థానిక కౌన్సిళ్ల మీద పడింది. ప్రైవేటు అద్దె ఇళ్లలో ఉంటున్న కుటుంబాలలో చెప్పుకోదగిన భాగం ఇంధన పేదరికంలో (ఇంటిని వెచ్చగా ఉంచుకునే ఖర్చు భరించలేని స్థితిలో) ఉన్నట్టు ఇటీవలి ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. సొంత ఇళ్లవారి కంటే ఇది బాగా ఎక్కువ.

ఈపీసీ అంటే ఏమిటి? దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

ఎనర్జీ పెర్ఫార్మెన్స్ సర్టిఫికెట్‌నే అందరూ ఈపీసీ అంటారు. ఇంటికి ఎ నుంచి జి దాకా ఒక గ్రేడు ఇస్తుంది, పదేళ్లు చెల్లుతుంది. గ్రేడు వెనుక ఒక స్కోరు ఉంటుంది: 92, ఆపైన వస్తే ఎ, 69 నుంచి 80 వరకు సి, 39 నుంచి 54 వరకు ఇ, 21 నుంచి 38 వరకు ఎఫ్, అంతకన్నా తక్కువైతే జి. అద్దె ఇళ్లకు ఇది 2008 అక్టోబరు నుంచి తప్పనిసరి. పోస్ట్‌కోడ్ కొడితే ప్రభుత్వ రిజిస్టరులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. అడ్వాన్సు కట్టకముందే చూసుకోవడం మంచిది.

ఇది కొలత కాదని, అంచనా అని గుర్తుంచుకోవాలి. మదింపు చేసే వ్యక్తి ఇంటిని ఒకసారి చూసి, గోడ రకం, లాఫ్ట్‌లో ఇన్సులేషన్ మందం, బాయిలర్, కిటికీలు నమోదు చేసుకుంటాడు. కనబడని వాటికి ఇంటి వయసును బట్టి ప్రామాణిక విలువలు వేస్తాడు. ఆ ఇంట్లో నిజంగా ఎంత గ్యాస్ కాలుతోందో అందులో ఉండదు. పైగా ఇప్పటివరకు ప్రధాన గ్రేడు ఇంధన ఖర్చు మీద ఆధారపడింది కాబట్టి, గ్యాస్ కంటే యూనిట్ ధర ఎక్కువైన కరెంటు హీటర్లున్న చిన్న ఫ్లాట్లకు తక్కువ గ్రేడు పడుతుంది. ఇన్ని లోపాలున్నా, ఒక వీధిలో ఏ ఇల్లు ముందు చూడాలో తేల్చుకోవడానికి కౌన్సిల్‌కు ఇంతకు మించిన జాబితా మరొకటి లేదు.

ఇప్పుడు అమల్లో ఉన్న కనీస ప్రమాణం ఏమిటి?

కనీసం ఇ. 2011 నాటి ఎనర్జీ చట్టం కింద 2015లో చేసిన నిబంధనల ప్రకారం, 2018 ఏప్రిల్ 1 నుంచి ఎఫ్, జి గ్రేడు ఇళ్లను కొత్తగా అద్దెకు ఇవ్వకూడదు, ఉన్న ఒప్పందాన్ని పొడిగించకూడదు. 2020 ఏప్రిల్ 1 నుంచి అప్పటికే నడుస్తున్న అద్దెలకు కూడా ఇది వర్తిస్తుంది. అయితే యజమాని పెట్టవలసిన ఖర్చుకు ఒక పరిమితి ఉంది. వ్యాట్‌తో కలిపి 3,500 పౌండ్లు. అంత పెట్టినా ఇ రాకపోతే, ఆ మేరకు చేయగలిగిన పనులన్నీ చేసి మినహాయింపు నమోదు చేసుకోవచ్చు.

మినహాయింపు ఉందని యజమాని అంటే కౌన్సిల్ ఒప్పుకోవలసిందేనా?

ఒప్పుకోనక్కరలేదు. మినహాయింపులను యజమానే జాతీయ రిజిస్టరులో నమోదు చేసుకుంటాడు, ముందుగా ఎవరూ తనిఖీ చేయరు. గోడకు ఇన్సులేషన్ వేస్తే భవనం దెబ్బతింటుందని నిపుణుడు రాసి ఇవ్వడం, ఇతరుల అనుమతి దొరకకపోవడం, ఇంటి విలువ అయిదు శాతానికి మించి పడిపోతుందని తేలడం వంటివి ఒప్పుకోదగిన కారణాలు. మామూలుగా మినహాయింపు అయిదేళ్లు ఉంటుంది. ఇల్లు చేతులు మారితే కొత్త యజమానికి అది చెల్లదు.

కౌన్సిల్ చేయవలసింది తన పరిధిలోని మినహాయింపుల జాబితా తీసి, జత చేసిన కొటేషన్లు, నివేదికలు చదవడం. కుర్చీలోంచి లేవకుండా చేయగలిగిన పని ఇది. అయినా చాలా చోట్ల జరగదు. తప్పుడు సమాచారం నమోదు చేస్తే 1,000 పౌండ్ల దాకా జరిమానా వేయవచ్చు.

నిబంధన తప్పిన యజమాని మీద కౌన్సిల్ ఏ చర్య తీసుకోగలదు?

ముందుగా సమాచారం కోరుతూ నోటీసు ఇస్తుంది. ఈపీసీ, అద్దె ఒప్పందం, చేసిన పనుల బిల్లులు అడగవచ్చు. ఆ నోటీసును పట్టించుకోకపోతే 2,000 పౌండ్ల వరకు జరిమానా. చట్టానికి విరుద్ధంగా మూడు నెలల లోపు అద్దెకు ఇచ్చినందుకు 2,000 వరకు, మూడు నెలలు దాటితే 4,000 వరకు వేయవచ్చు. మొత్తం కలిపి 5,000 పౌండ్లు మించకూడదు. యజమాని పేరును, తప్పును రిజిస్టరులో కొంతకాలం ప్రకటించే అధికారమూ ఉంది.

లండన్‌లో ఒక మామూలు ఇంటి రెండు మూడు నెలల అద్దెకే ఈ మొత్తం సరిపోతుంది. జరిమానా కట్టి ఊరుకుందామనుకునే యజమానిని ఇది భయపెట్టలేదు. ఒక్కొక్క కేసుకు అధికారి వెచ్చించే సమయం లెక్కవేసుకుంటే కౌన్సిల్‌కూ గిట్టుబాటు కాదు. అందుకే ఈ నిబంధనను ఒంటరిగా నమ్ముకున్న కౌన్సిళ్లు ఉత్తరాలు పంపడంతో ఆగిపోయాయి. దీన్ని తలుపు తట్టడానికి వాడుకుని, ఆ తరువాత కింద చెప్పిన హౌసింగ్ చట్టాన్ని చేతిలోకి తీసుకున్న చోటే ఫలితం కనిపిస్తుంది.

ఈపీసీలో ఇ అని ఉంది, కాని ఇల్లు వేడెక్కడమే లేదు. కౌన్సిల్ చేతులు కట్టేసినట్టేనా?

కాదు. చాలామంది అద్దెదారులకు, కొందరు కౌన్సిలర్లకు కూడా తెలియని అసలు అధికారం ఇక్కడే ఉంది.

2004 నాటి హౌసింగ్ చట్టం కింద, 2006 ఏప్రిల్ నుంచి, ఇళ్లలోని ప్రమాదాలను మదింపు చేసే ఒక పద్ధతి అమల్లో ఉంది. అందులో 29 రకాల ప్రమాదాలుంటే, మొదటిది చెమ్మ, బూజు. రెండోది మితిమీరిన చలి. ఇంట్లో ఆరోగ్యకరమైన ఉష్ణోగ్రత సుమారు 21 డిగ్రీలని, 19 కన్నా తగ్గితే ఆరోగ్యానికి కొద్దిపాటి ముప్పు మొదలవుతుందని, 16 కన్నా తగ్గితే ముఖ్యంగా వృద్ధులకు తీవ్రమైన ముప్పని ఆ పద్ధతికి సంబంధించిన మార్గదర్శకాలు చెబుతాయి. అధికారి చూసేది ఆ ఇంటిని న్యాయమైన ఖర్చుతో ఆ వేడిలో ఉంచగలమా లేదా అన్నది. ప్రస్తుతం అందులో ఉంటున్నవారు దృఢంగా ఉన్న పాతికేళ్ల యువకులే అయినా, 65 దాటినవారు ఉంటే ఏమవుతుందని లెక్కవేస్తాడు. కాబట్టి ‘మేం కుర్రాళ్లం, మా ఫిర్యాదు ఎవరు పట్టించుకుంటారు’ అని విద్యార్థులు వెనకాడనక్కరలేదు.

ప్రమాదం మొదటి తరగతిదని, అంటే తీవ్రమైనదని తేలితే చర్య తీసుకోవడం కౌన్సిల్‌కు చట్టపరమైన బాధ్యత. రెండో తరగతిదైతే అది కౌన్సిల్ విచక్షణ. మెరుగుదల నోటీసు ఇచ్చి ఫలానా గదులకు స్థిరమైన హీటింగ్ పెట్టాలని, లాఫ్ట్‌లో ఇన్సులేషన్ వేయాలని, కిటికీలు బాగు చేయాలని గడువుతో సహా ఆదేశించవచ్చు. ఇక్కడ 3,500 పౌండ్ల పరిమితి లేదు. ఈ ఒక్క తేడాతోనే ఈ చట్టానికి ఎక్కువ బలం వచ్చింది. పనులు మొదలుపెట్టడానికి కనీసం 28 రోజులు ఇవ్వాలి. 21 రోజుల్లోగా యజమాని ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. నోటీసును ఉల్లంఘిస్తే కోర్టుకు లాగవచ్చు, లేదా కోర్టుకు వెళ్లకుండానే భారీ జరిమానా వేయవచ్చు. 2017 నుంచి దాని గరిష్ఠ పరిమితి 30,000 పౌండ్లు. 2025 నాటి అద్దెదారుల హక్కుల చట్టం దాన్ని 40,000కు పెంచింది. వసూలైన సొమ్మును కౌన్సిల్ ప్రైవేటు అద్దె ఇళ్ల తనిఖీలకే ఖర్చు పెట్టుకోవచ్చు. యజమాని పని చేయకపోతే కౌన్సిలే చేయించి ఖర్చు రాబట్టుకునే దారి కూడా ఉంది.

లోపమల్లా ఇది ఇంటింటికీ వెళ్లి చేయవలసిన పని కావడం. శిక్షణ ఉన్న పర్యావరణ ఆరోగ్య అధికారులు ప్రతి కౌన్సిల్‌లోనూ కొరతే. చట్టం ఎంత పదునుగా ఉన్నా పట్టుకునే చేయి లేకపోతే పని జరగదు.

తన పరిధిలో ఏ ఇళ్లు అద్దెకు నడుస్తున్నాయో కౌన్సిల్‌కు ఎలా తెలుస్తుంది?

తెలియకపోవడమే అసలు సమస్య. ఇంగ్లండ్‌లో ఇంతకాలం యజమానుల పట్టిక ఏదీ లేదు. ఏ ఇల్లు అద్దెకు ఇచ్చారో, దాని యజమాని ఎవరో, ఎక్కడ ఉంటారో కౌన్సిల్ తనంత తాను వెతుక్కోవలసిందే.

అయితే కావలసిన ముక్కలు చాలా వరకు కౌన్సిల్ దగ్గరే వేర్వేరు శాఖల్లో పడి ఉంటాయి. ఈపీసీ రిజిస్టరు సమాచారం మొత్తంగా దింపుకోవడానికి దొరుకుతుంది, అందులో కొన్నింటిపై అద్దె కోసం తీసిన సర్టిఫికెట్ అని కూడా ఉంటుంది. కౌన్సిల్ ట్యాక్స్ జాబితాలో పేర్లు తరచూ మారే ఇళ్లు, విద్యార్థులకు మినహాయింపు ఇచ్చిన ఇళ్లు కనిపిస్తాయి. హౌసింగ్ బెనిఫిట్ రికార్డులున్నాయి. అద్దెదారులు కట్టిన డిపాజిట్లను భద్రపరిచే సంస్థల నుంచి వివరాలు తీసుకునే అధికారాన్ని 2016 నాటి హౌసింగ్ అండ్ ప్లానింగ్ చట్టం ఇచ్చింది. వీటిని చిరునామాల వారీగా జతపరిస్తే, అద్దెకు నడుస్తూ ఎఫ్, జి గ్రేడున్న ఇళ్ల జాబితా ఒక అధికారి కంప్యూటర్ మీదే తయారవుతుంది. ఈపీసీ అసలే లేని అద్దె ఇళ్లు కూడా అందులో బయటపడతాయి, సాధారణంగా అన్నిటికన్నా అధ్వానంగా ఉండేవి అవే.

పని వినడానికి తేలికగా ఉన్నా చిరునామాల దగ్గర చిక్కు వస్తుంది. ‘ఫ్లాట్ 2, 14’ అని ఒక జాబితాలో, ‘14బి’ అని ఇంకొక జాబితాలో ఉంటుంది. ప్రతి ఆస్తికీ ఒక ప్రత్యేక సంఖ్య ఉంటుంది కాబట్టి, అన్ని శాఖలూ దాన్నే వాడేలా చేసుకున్న కౌన్సిల్‌కు ఈ బాధ తగ్గుతుంది. అలాగే 2025 చట్టం కింద ప్రతి ప్రైవేటు యజమానీ నమోదు చేసుకోవలసిన జాతీయ డేటాబేస్ రాబోతోంది. అది వచ్చేదాకా ఆగుదామనుకోవడం మాత్రం తెలివైన పని కాదు. నమోదు చేసుకోని యజమానులను పట్టుకోవడానికి అప్పుడు కూడా ఈ జాబితాలే కావాలి.

అద్దె ఇళ్లకు లైసెన్సు పెడితే ఇంధన సామర్థ్యం పెరుగుతుందా?

నేరుగా పెరగదు, కాని దారి తెరుస్తుంది. లైసెన్సులు మూడు రకాలు. రెండు అంతకంటే ఎక్కువ కుటుంబాలకు చెందిన అయిదుగురు, ఆపైన కలిసి ఉండే ఇళ్లకు దేశమంతటా తప్పనిసరి లైసెన్సు ఉంది. అంతకన్నా చిన్న ఉమ్మడి ఇళ్లకు కౌన్సిల్ అదనపు లైసెన్సు పెట్టుకోవచ్చు. మూడోది, ఎంపిక చేసిన ప్రాంతంలో ప్రైవేటు అద్దె ఇళ్లన్నిటికీ వర్తించేది. తూర్పు లండన్‌లో తెలుగువారు ఎక్కువగా కనిపించే ఈస్ట్ హామ్ ఉన్న న్యూహామ్ బరో, 2013 జనవరిలో బరో అంతటికీ ఈ మూడో రకం లైసెన్సు పెట్టి దేశంలో మొదటిదైంది. ఆక్స్‌ఫర్డ్ 2022లో నగరమంతటికీ తెచ్చింది. పెద్ద ప్రాంతానికి పెట్టాలంటే అంతకుముందు కేంద్ర మంత్రి ఆమోదం కావలసి వచ్చేది. 2024 డిసెంబరు నుంచి ఆ అవసరం లేదు.

లైసెన్సుతో కౌన్సిల్‌కు దక్కేవి యజమాని పేరు, చిరునామా, తనిఖీకి అయ్యే ఖర్చు భరించే రుసుము, ఇంట్లోకి వెళ్లడానికి ఒక సందర్భం. దరఖాస్తుతోపాటు ఈపీసీ జతచేయమంటే ఎఫ్, జి ఇళ్లు వాటంతట అవే బయటపడతాయి.

అయితే ఒక హద్దు ఉంది. హిండ్‌బర్న్ కౌన్సిల్‌కు సంబంధించిన కేసులో 2018లో అప్పీలు కోర్టు, మూడో రకం లైసెన్సు షరతులు ఇంటి నిర్వహణకు, వాడకానికి సంబంధించినవై ఉండాలే తప్ప కొత్త సామగ్రి బిగించమనడానికి వాడుకోకూడదని తేల్చింది. అంటే, లైసెన్సు కాగితం మీదే ‘గోడలకు ఇన్సులేషన్ వేయించాలి’ అని రాయడం చెల్లదు. తనిఖీలో చలి ప్రమాదమని తేల్చి, హౌసింగ్ చట్టం కింద నోటీసు ఇవ్వాలి. ఈ రెండు మెట్లూ కలిపి పథకం వేసుకోని కౌన్సిల్ చేతిలో లైసెన్సు కేవలం రుసుము వసూలు చేసే రసీదు పుస్తకంగా మిగులుతుంది. యజమానులు ఆ విమర్శ చేసినప్పుడు అందులో కొంత నిజం ఉంటుంది.

నేను ఇంట్లో ఒక గది మాత్రమే అద్దెకు తీసుకున్నాను. ఈ నిబంధనలు వర్తిస్తాయా?

చాలామంది తెలుగు విద్యార్థుల పరిస్థితి ఇదే కాబట్టి జాగ్రత్తగా చెప్పవలసిన జవాబు. వంటగది, స్నానాలగది పంచుకుంటూ ఒక్కొక్కరు విడివిడి ఒప్పందాలతో గదులు తీసుకున్నప్పుడు, ఆ గదికి విడిగా ఈపీసీ అవసరం లేదు. మొత్తం ఇంటికి చట్టప్రకారం ఈపీసీ ఉండవలసిన స్థితి ఉంటే, ఉదాహరణకు గత పదేళ్లలో ఆ ఇల్లు అమ్ముడుపోయి ఉంటే, కనీసం ఇ ఉండాలన్న నియమం వర్తిస్తుంది. లేకపోతే జారిపోతుంది. ఇది చట్టంలో ఉన్న పెద్ద కన్నమే.

కాని చలి ప్రమాదాన్ని మదింపు చేసే హౌసింగ్ చట్టానికి ఈపీసీతో పనిలేదు. గది అయినా, ఇల్లయినా ఒకటే. వేర్వేరు కుటుంబాలవారు అయిదుగురు, ఆపైన ఉంటూ లైసెన్సు లేకపోతే అదొక వేరే నేరం. అలాంటప్పుడు కట్టిన అద్దెలో కొంత తిరిగి ఇప్పించమని అద్దెదారులు ట్రిబ్యునల్‌ను అడగవచ్చు.

గోడల మీద బూజు పడితే యజమాని మా వంటనూ, గదిలో బట్టలు ఆరేయడాన్నీ తప్పుబడుతున్నాడు. కౌన్సిల్ ఏమంటుంది?

అనవలసింది ఒకటే: ముందు ఇల్లు చూద్దాం. వంట ఆవిరి, ఆరేసిన బట్టల తేమ ఏ ఇంట్లోనైనా ఉంటాయి. మధ్యాహ్నం ఎండలో తీగె మీద బట్టలు ఆరేసుకునే సదుపాయం జనవరి లండన్‌లో ఎవరికీ లేదు. ఆ తేమ చల్లని గోడను తాకినప్పుడు నీరై, అక్కడ బూజు పడుతుంది. గోడ వెచ్చగా ఉండి, వంటగదిలో, స్నానాలగదిలో గాలి లాగే ఫ్యాన్ పనిచేస్తే అదే కుటుంబం అదే వంట చేసుకున్నా బూజు రాదు. తప్పును అద్దెదారు జీవనశైలి మీదికి నెట్టేయవద్దని, అద్దెదారుల ఫిర్యాదులు విచారించే హౌసింగ్ అంబుడ్స్‌మన్ 2021లో సామాజిక గృహ సంస్థలకు (తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే సంస్థలకు) గట్టిగా చెప్పారు. రాచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో రెండేళ్ల ఆవాబ్ ఇషాక్ బూజు పట్టిన ఫ్లాట్‌లో ఉండటం వల్ల చనిపోయాడని 2022లో కరోనర్ (మరణ కారణం విచారించే అధికారి) తేల్చారు. అది సామాజిక గృహ సంస్థకు చెందిన ఇల్లు. ఆ బాలుడి పేరిట వచ్చిన చట్టం 2025 అక్టోబరు నుంచి సామాజిక గృహాలలో చెమ్మ, బూజు ఫిర్యాదులకు గడువులు విధించింది. ప్రైవేటు అద్దెలకు కూడా దాన్ని విస్తరించే అధికారం 2025 చట్టంలో ఉంది.

పనులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

చట్టం ప్రకారం యజమాని జేబు నుంచి. కాని ఇంట్లో ఉన్నది తక్కువ ఆదాయం గల కుటుంబమైతే కౌన్సిల్ సాయపడగలదు. 2025 ఏప్రిల్‌లో మొదలైన వార్మ్ హోమ్స్ లోకల్ గ్రాంట్‌ను కౌన్సిళ్లే నడుపుతాయి. డి నుంచి జి వరకు గ్రేడున్న ప్రైవేటు ఇళ్లలో, కుటుంబ ఆదాయం సాధారణంగా ఏడాదికి 36,000 పౌండ్లు మించనివారికి ఇది వర్తిస్తుంది. అద్దె ఇంటి విషయంలో యజమానికి చెందిన మొదటి ఇంటికి పూర్తి ఖర్చు ఇచ్చి, తరువాతి వాటికి సగం అతడినే పెట్టమంటారు. హీట్ పంపు పెట్టించుకునే యజమానులకు బాయిలర్ అప్‌గ్రేడ్ పథకం కింద 7,500 పౌండ్ల దాకా వస్తుంది.

గ్రాంటుకూ నోటీసుకూ వేర్వేరు బృందాలు ఉండటం కౌన్సిళ్లలో మామూలు. పరిశుభ్రమైన పాలనా ఏర్పాటుగా కనిపించినా ఇది నష్టం చేస్తుంది. నోటీసు తీసుకెళ్లే అధికారే గ్రాంటు దరఖాస్తు కూడా చేతిలో పెడితే, మొండికెత్తని యజమాని అక్కడికక్కడే సరేనంటాడు. ప్రజల సొమ్ముతో ఇల్లు బాగుపడుతున్నప్పుడు, ఆ పని కారణంగా అద్దె పెంచనని యజమాని చేత రాయించుకోవడం కూడా మరచిపోకూడదు.

గ్రాంటుతో చేసిన పనులు పాడైపోయాయని వింటున్నాం. నిజమేనా?

కొన్ని చోట్ల నిజమే. ఇంధన కంపెనీల నిధులతో నడిచిన రెండు పథకాలను పరిశీలించిన జాతీయ ఆడిట్ కార్యాలయం, గోడల బయట ఇన్సులేషన్ వేసిన ఇళ్లలో 98 శాతానికి, లోపల వేసిన ఇళ్లలో 29 శాతానికి పెద్ద లోపాలున్నాయని 2025 అక్టోబరులో ప్రకటించింది. అవి కౌన్సిళ్లు స్వయంగా చేయించిన పనులు కాకపోయినా, పాఠం కౌన్సిళ్లకూ వర్తిస్తుంది. గోడను మూసి గాలి వెళ్లే దారి వదలకపోతే చెమ్మ లోపలే నిలిచిపోతుంది. కాంట్రాక్టరు ఇచ్చిన ఫొటోలు చూసి బిల్లు పాస్ చేయకుండా, కౌన్సిల్ తన మనిషిని పంపి కొన్ని ఇళ్లనైనా పని జరుగుతుండగా చూడాలి. పొర వేశాక చూస్తే లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

ఏ పని ముందు చేయించాలి?

లాఫ్ట్‌లో 270 మిల్లీమీటర్ల ఇన్సులేషన్, తలుపులు కిటికీల సందులు మూయడం, వేడినీళ్ల ట్యాంకుకు జాకెట్, రేడియేటర్లకు ఉష్ణోగ్రత నియంత్రించే వాల్వులు, ఖాళీ ఉన్న గోడలైతే వాటిని నింపడం. ఇవి తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చేవి. పాత కరెంటు ప్యానెల్ హీటర్లున్న ఫ్లాట్‌లో రాత్రి చౌక కరెంటుతో వేడిని నిల్వ చేసే కొత్త రకం స్టోరేజ్ హీటర్లు గ్రేడును బాగానే పెంచుతాయి. గట్టి ఇటుక గోడల పని చివరికి, జాగ్రత్తగా.

ఫిర్యాదు చేస్తే ఇల్లు ఖాళీ చేయిస్తారా? వీసాకు ఇబ్బంది వస్తుందా?

కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 నోటీసు 2026 మే 1 నుంచి రద్దు. అంతకుముందు కూడా కౌన్సిల్ మెరుగుదల నోటీసు ఇచ్చిన ఇంట్లో ఆరు నెలల పాటు ఖాళీ చేయించే ఆ సెక్షన్ 21 నోటీసు చెల్లకుండా 2015 నాటి చట్టం కాపాడింది. ఇకమీదట యజమాని చట్టంలో చెప్పిన ఏదో ఒక కారణం చూపాలి. అద్దె బాకీ అలాంటి కారణాల్లో ఒకటి కాబట్టి, ఇల్లు చల్లగా ఉందన్న కోపంతో అద్దె ఆపవద్దు.

వీసా విషయంలో భయం అక్కరలేదు. ప్రభుత్వ నిధులు వాడకూడదన్న షరతు హౌసింగ్ బెనిఫిట్, నిరాశ్రయుల సాయం, కౌన్సిల్ ఇల్లు వంటివాటికి సంబంధించింది. ఇంటిని తనిఖీ చేయమని కౌన్సిల్‌ను కోరడం ఆ జాబితాలో లేదు.

కౌన్సిల్ సొంత ఇళ్ల సంగతి?

హౌసింగ్ చట్టం కింద కౌన్సిల్ తనకు తాను నోటీసు ఇచ్చుకోలేదు. కౌన్సిల్ ఇంట్లో ఉన్నవారు మొదట కౌన్సిల్‌కే, తరువాత హౌసింగ్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయాలి. ఇల్లు నివాసయోగ్యంగా ఉండాలన్న 2018 నాటి చట్టం కింద ఏ అద్దెదారైనా నేరుగా కౌంటీ కోర్టుకు వెళ్లవచ్చు. ప్రైవేటు యజమానులకు నీతులు చెప్పే కౌన్సిల్ తన ఇళ్ల గ్రేడులు కూడా ప్రకటిస్తే వినేవాళ్లు ఎక్కువమంది ఉంటారు.

కనీస గ్రేడు సి అవుతుందని అంటున్నారు. యజమానులు ఇప్పుడే సిద్ధపడాలా?

2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం వెలువరించిన ప్రతిపాదనలో కొత్త అద్దెలకు 2028 నుంచి, అన్ని అద్దెలకు 2030 నుంచి సి స్థాయి, 15,000 పౌండ్ల వరకు ఖర్చు పరిమితి ఉండేవి. ప్రతిపాదనల్లోని తేదీలు, మొత్తాలు చర్చల్లో మారుతుంటాయి కాబట్టి పని మొదలుపెట్టే ముందు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తాజా నిర్ణయం చూసుకోవాలి. దిశ మాత్రం మారేలా లేదు. ఇల్లు ఖాళీగా ఉన్న వారాల్లో, రంగులు వేయించేటప్పుడే ఇన్సులేషన్ పని కూడా కలిపితే యజమానికి ఖర్చు, అద్దెదారుకు ఇబ్బంది రెండూ తగ్గుతాయి.

సిబ్బంది, నిధులు తక్కువగా ఉన్న కౌన్సిల్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మా అభిప్రాయంలో జాబితాతో. ముందు ఎఫ్, జి అద్దె ఇళ్ల పట్టిక తయారు చేసి, అందరికీ ఒక ఉత్తరం పంపాలి. కొత్త ఈపీసీ తీసి చూసుకునేసరికి కొందరు యజమానులకు ఇ వచ్చేస్తుంది, మరికొందరు చిన్న పనులు చేయించుకుంటారు. జవాబు రాని ఇళ్లకే అధికారి వెళ్లాలి. ఆ వెళ్లినప్పుడు ఈపీసీ ఒక్కటే చూసి రాకుండా, చలి, చెమ్మ, కరెంటు వైరింగు, లైసెన్సు అన్నీ ఒకే తనిఖీలో ముగించాలి. మొదటి ఏడాది నాలుగైదు గట్టి కేసుల్లో జరిమానా వేసి ఆ సంగతి స్థానిక పత్రికల్లో వచ్చేలా చూస్తే, లెటింగ్ ఏజెంట్లే మిగతా యజమానులకు కబురు చేరవేస్తారు. ప్రచార కరపత్రాల మీద పెట్టే డబ్బు ఒక అధికారి జీతానికి మళ్లించడం మేలు.

నేను అద్దెదారుని. కౌన్సిల్‌కు ఫిర్యాదు ఎలా రాయాలి?

ముందు యజమానికి లేదా ఏజెంటుకు ఈమెయిల్‌లో రాసి, జవాబుకు కొంత సమయం ఇవ్వండి. ఫోన్‌లో చెప్పినది తరువాత రుజువు కాదు. స్పందన లేకపోతే మీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ప్రైవేటు అద్దె ఇళ్ల విభాగానికి, కొన్ని చోట్ల పర్యావరణ ఆరోగ్య విభాగం అంటారు, రాయండి. చిరునామా, ఈపీసీ గ్రేడు, ఏ గదిలో హీటర్ లేదు లేదా పనిచేయదు, కొన్ని రోజుల పాటు ఉదయం, రాత్రి గదిలో నమోదైన ఉష్ణోగ్రత, తేదీలున్న ఫొటోలు, గ్యాస్, కరెంటు బిల్లులు, యజమానితో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు జతచేయండి. ఇంట్లో పసిపిల్లలు, పెద్దవాళ్లు, ఆస్తమా ఉన్నవారు ఉంటే తప్పక రాయండి, తనిఖీ ముందు వరుసలోకి వస్తుంది. ‘ఇల్లు చల్లగా ఉంది’ అని ఊరుకోకుండా ‘మితిమీరిన చలి ప్రమాదం కింద మదింపు చేయగలరు’ అని అడగండి. అధికారులు సాధారణంగా యజమానికి, మీకు 24 గంటల ముందు తెలియజేసి వస్తారు. వచ్చేముందు గోడలు తుడవవద్దు. తనిఖీ ముగిశాక నివేదిక ప్రతి, తదుపరి చర్య తేదీ లిఖితపూర్వకంగా కోరండి. అనుకున్న గడువులో ఏమీ కదలకపోతే కౌన్సిల్ సొంత ఫిర్యాదు విధానం ద్వారా వెళ్లి, అదీ ముగిసిన తరువాత లోకల్ గవర్నమెంట్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు.